మత విశ్వాసం గల వ్యాపారి స్వలింగ జంటకు సేవ నిరాకరించవచ్చా? అమెరికా, బ్రిటన్ తీర్పులపై చర్చ

కొలరాడో_తెలుగు:

మాస్టర్‌పీస్ కేక్‌షాప్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 2018 జూన్ 4న ఇచ్చిన తీర్పు గురించి మనవాళ్లలో చాలామంది "మత విశ్వాసం ఉన్నవాడు స్వలింగ జంటకు కేకు అమ్మనక్కరలేదని కోర్టు తేల్చేసింది" అని చెప్పడం తరచుగా వింటున్నాను. తీర్పు పూర్తిగా చదివినవారెవరూ అలా చెప్పరు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

2012 జులైలో డెన్వర్ పక్కనున్న లేక్‌వుడ్‌లో ఇద్దరు పురుషులు తమ పెళ్లి విందుకు కేకు చేయించుకోవాలని జాక్ ఫిలిప్స్ నడిపే మాస్టర్‌పీస్ కేక్‌షాప్‌కు వెళ్లారు. వారిలో ఒకరి తల్లి కూడా వెంట ఉన్నారు. అప్పటికి కొలరాడోలో స్వలింగ వివాహానికి గుర్తింపు లేదు కాబట్టి మసాచుసెట్స్‌లో పెళ్లి చేసుకొని, ఇక్కడ బంధుమిత్రులకు విందు ఇవ్వాలనుకున్నారు. పుట్టినరోజు కేకులైనా కుకీలైనా అమ్ముతానని, స్వలింగ వివాహానికి మాత్రం కేకు చేయనని ఫిలిప్స్ చెప్పారు. కేకు ఏ ఆకారంలో ఉండాలి, దాని మీద ఏమైనా రాయాలా అన్న ప్రస్తావన రాకముందే ఆ సంభాషణ ముగిసిపోయింది. ఈ వివాదంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే సంగతి ఇదే.

ప్రజలందరికీ తెరిచి ఉంచిన వ్యాపారాలు లైంగిక ధోరణి ఆధారంగా వివక్ష చూపకూడదన్న నిబంధన కొలరాడో చట్టంలో 2008లోనే చేరింది. రాష్ట్ర పౌర హక్కుల కమిషన్ ఫిలిప్స్‌కు జరిమానా వేయలేదు. ఇతర జంటలకు అమ్మే కేకులనే స్వలింగ జంటలకూ అమ్మాలని, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని, రెండేళ్లపాటు మూడు నెలలకొకసారి నివేదిక పంపాలని ఆదేశించింది. ఆయన పెళ్లి కేకులు చేయడమే మానుకున్నారు.

సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఆ ఆదేశాన్ని కొట్టివేసింది, అయితే దానికి చెప్పిన కారణం వేరు. కమిషన్ సభ్యుల్లో ఒకరు, బానిసత్వాన్నీ హిట్లర్ నాటి యూదుల ఊచకోతనూ సమర్థించుకోవడానికి కూడా మతాన్నే వాడుకున్నారని బహిరంగ విచారణలో వ్యాఖ్యానించారు. ఆ మాటలోనూ, కమిషన్ ఇతర వ్యవహారంలోనూ మతం పట్ల శత్రుభావం కనిపించిందని, ఫిలిప్స్‌కు తటస్థమైన విచారణ దక్కలేదని కోర్టు తేల్చింది. అదే తీర్పులో జస్టిస్ కెనెడీ, అందరికీ సమానంగా వర్తించే చట్టం ఉన్నప్పుడు మతపరమైన అభ్యంతరం చూపి వస్తువులూ సేవలూ నిరాకరించే హక్కు వ్యాపారులకు సాధారణంగా ఉండదని కూడా రాశారు. మనవాళ్లు వదిలేస్తున్నది ఆ వాక్యాన్నే. మీ అభిప్రాయాలు చెప్పండి, అయితే తీర్పుల ఆధారంగా మాట్లాడితే అందరికీ మేలు.

సువార్త_ఛాయ:

నేను వాషింగ్టన్ రాష్ట్రంలో పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాను. మా కుటుంబం మూడు తరాలుగా క్రైస్తవ విశ్వాసంలో ఉంది. ఈ చర్చలో వ్యాపారి పక్షం ఎప్పుడూ ఒకే మాటతో కొట్టివేయబడుతోంది కాబట్టి ఆ పక్షాన్ని కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

మా రాష్ట్రంలోని రిచ్‌లాండ్‌లో బారొనెల్ స్టుట్జ్‌మన్ అనే పెద్దావిడకు పూల దుకాణం ఉండేది. ఒక స్వలింగ ఖాతాదారుకు ఆమె సుమారు తొమ్మిదేళ్లపాటు పూలు అమ్మారు. ఆయన ఎవరో ఆమెకు తెలుసు, ఆయన తన సహచరుడికి ఇచ్చే పూలగుచ్ఛాలను తన చేతులతోనే కట్టి ఇచ్చారు. 2013లో ఆయన పెళ్లి పూల గురించి అడిగినప్పుడు మాత్రం, చేయి పట్టుకొని, తన విశ్వాసం వల్ల ఆ పని చేయలేనని చెప్పి, వేరే దుకాణాల పేర్లు సూచించారు. రాష్ట్ర సుప్రీంకోర్టు 2017లోనూ, మళ్లీ 2019లోనూ ఆమెకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. 2021 జులైలో అమెరికా సుప్రీంకోర్టు ఆమె మొర వినడానికి నిరాకరించింది. చివరకు ఆ ఏడాది నవంబరులో 5,000 డాలర్లు చెల్లించి రాజీ చేసుకొని ఆమె వ్యాపారం నుంచి తప్పుకున్నారు.

ఆమెది ద్వేషమని నేను ఎంత ప్రయత్నించినా అనలేను. మాకు వివాహం దేవుని ఎదుట జరిగే నిబంధన. మనిషిని నిరాకరించడం వేరు, నా విశ్వాసం తప్పని చెప్పే క్రతువులో నా చేతులతో పాలుపంచుకోవడానికి నిరాకరించడం వేరు. పెళ్లి ఫోటోలు తీసేవాడు గుమ్మం దగ్గర నిలబడి తిరిగి వచ్చేయడు. ప్రమాణాలు చేసే చోట, ముద్దు పెట్టుకునే చోట, తల్లిదండ్రులు కన్నీళ్లు పెట్టుకునే చోట ఉంటాడు, ఆ క్షణాలు అందంగా కనిపించేలా చేయడమే అతని పని.

నీలిగన్నేరు:

సువార్త_ఛాయ గారూ, మీరు మర్యాదగా, నిజాయితీగా రాశారు, కాబట్టి నేనూ అలాగే సమాధానం చెబుతాను. నేను గే. హైదరాబాదులో పుట్టి పెరిగి ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నాను.

మా నిశ్చితార్థానికి ఒక విందుశాల కోసం మాట్లాడినప్పుడు తేదీ, భోజనాల ధర, బల్లల అమరిక అన్నీ కుదిరాక, ఇద్దరి పేర్లూ చెప్పమన్నారు. చెప్పాం. మరునాడు ఫోన్ చేసి, తమ యాజమాన్యపు విశ్వాసాలకు ఇది సరిపడదని, క్షమించమని ఎంతో సౌమ్యంగా చెప్పారు. వారిని నేను ద్వేషించడం లేదు. అయితే ఆ తర్వాత ఏ దుకాణంలో అడుగుపెట్టినా, ఎవరికి ఫోన్ చేసినా, మేమెవరమో ముందే చెప్పాలా, చివరిదాకా దాచాలా అన్న ఆలోచన మమ్మల్ని వదల్లేదు. మా అమ్మ పక్కన ఉన్నప్పుడైతే ఆ భయం మరీ ఎక్కువగా ఉండేది. లేక్‌వుడ్ దుకాణంలో ఆ తల్లి కూడా ఉన్నారని పైన చదివినప్పుడు నాకు అదే గుర్తుకు వచ్చింది.

మరో దుకాణం పేరు సూచించడం దయగల పనే కావచ్చు. చట్టం మాకు ఇచ్చే హామీ మాత్రం వేరు. డబ్బు చేతపట్టుకొని వెళ్లిన ఇతరులు ఎవరి అనుమతీ అడగకుండా ఎలా లోపలికి వెళ్తున్నారో, మేమూ అలాగే వెళ్లగలగాలి. స్టుట్జ్‌మన్ గారు తొమ్మిదేళ్లు పూలు అమ్మారన్నది నిజమే, కానీ ఆ మనిషి జీవితంలో అతి పెద్ద రోజున అమ్మలేదు కదా. పెళ్లిని వదిలేసి మిగతా రోజుల్లో మాత్రమే మమ్మల్ని మనుషులుగా గుర్తిస్తామంటే దాన్ని సమాన గౌరవమని నేను ఒప్పుకోలేను.

చరిత్ర_విద్యార్థి:

విశ్వాసంలోని నిజాయితీ ఒక్కటే మినహాయింపుకు చాలుతుందా అన్నది కొత్త ప్రశ్న కాదు. సౌత్ కరోలినాలో పిగ్గీ పార్క్ అనే బార్బెక్యూ హోటళ్ల యజమాని మారిస్ బెసింజర్ నల్లజాతి వారిని లోపల కూర్చోబెట్టి వడ్డించడానికి నిరాకరించారు. జాతులు కలవడం దేవుని సంకల్పానికి విరుద్ధమని తాను నమ్ముతున్నానని, కాబట్టి 1964 పౌర హక్కుల చట్టం తన మత స్వేచ్ఛను హరిస్తోందని ఆయన వాదించారు. 1968లో సుప్రీంకోర్టు ఆ వాదనను చర్చకే తగదన్నట్లు ఒక పాదసూచికలో కొట్టిపారేసింది. బెసింజర్ నమ్మకం బూటకమని ఎవరూ నిరూపించలేదు, నిరూపించాల్సిన అవసరమూ రాలేదు.

సువార్త_ఛాయ:

చరిత్ర_విద్యార్థి గారూ, ఆ పోలిక నన్ను బాధిస్తుంది. బెసింజర్ మనుషులనే గడప దాటనివ్వలేదు. ఆ కాలంలో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ప్రయాణికుడికి ఊళ్లకు ఊళ్లే మూసుకుపోయి ఉండేవి, ఎక్కడ బస దొరుకుతుందో చెప్పే ప్రత్యేక మార్గదర్శి పుస్తకాలు చేతపట్టుకొని వాళ్లు ప్రయాణం చేయాల్సి వచ్చింది. నా దగ్గరికి ఒక గే వ్యక్తి కుటుంబ ఫోటోకో, పట్టభద్రుడైన సందర్భానికో వస్తే సంతోషంగా తీస్తాను, తీశాను కూడా. ఒక్క క్రతువు విషయంలోనే నా అభ్యంతరం. పైగా సియాటిల్ చుట్టుపక్కల ఫోటోగ్రాఫర్లకు కొరత లేదు.

మంగళగిరి_వకీలు:

ఇరుపక్షాలూ ఒక ముఖ్యమైన చట్ట విషయాన్ని దాటిపోతున్నాయి. బెసింజర్‌పై ప్రయోగించిన 1964 నాటి కేంద్ర చట్టం హోటళ్లు, భోజనశాలలు, వినోదశాలల విషయంలో జాతి, రంగు, మతం, జాతీయ మూలం అనే నాలుగు కారణాలనే నిషేధించింది. లింగం గానీ లైంగిక ధోరణి గానీ ఆ జాబితాలో లేవు. లైంగిక ధోరణి కారణంగా చూపే వివక్ష కూడా లింగ వివక్షేనన్న 2020 నాటి బోస్టాక్ తీర్పు ఉద్యోగాలకు సంబంధించినది, దుకాణాలకు కాదు. కాబట్టి మనం మాట్లాడుతున్నవన్నీ రాష్ట్రాల చట్టాలు, కొన్నిచోట్ల నగరాల చట్టాలు. మనవాళ్లు వేల సంఖ్యలో ఉన్న టెక్సస్‌లో రాష్ట్రస్థాయిలో అలాంటి చట్టం లేదు. డాలస్, ఆస్టిన్ వంటి నగరాలకు సొంత నిబంధనలు ఉన్నాయి. అవి లేని ఊళ్లో వ్యాపారి మతం ఊసెత్తకుండానే స్వలింగ జంటను పంపేయవచ్చు. మత స్వేచ్ఛకు ప్రమాదం వచ్చిందని ఆందోళన పడేవారు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇక మత స్వేచ్ఛ సంగతి. 1990లో ఎంప్లాయ్‌మెంట్ డివిజన్ వర్సెస్ స్మిత్ కేసులో జస్టిస్ స్కాలియా రాసిన తీర్పు ప్రకారం, అందరికీ సమానంగా వర్తించే తటస్థ చట్టం నుంచి మత విశ్వాసం పేరుతో రాజ్యాంగపరమైన మినహాయింపు కోరలేము. ఆదివాసీ చర్చిలో పెయోటీ అనే మత్తు మొక్కను పవిత్ర ప్రసాదంగా స్వీకరించినవారి కేసు అది. ఆ తీర్పును ఇంతవరకు రద్దు చేయలేదు. అందువల్లనే వ్యాపారుల తరఫు న్యాయవాదులు మత స్వేచ్ఛ కంటే భావ ప్రకటన స్వేచ్ఛ మీదే ఎక్కువగా ఆధారపడుతున్నారు. 2023 జూన్ 30న 303 క్రియేటివ్ కేసులో వారు గెలిచింది కూడా ఆ వాదనతోనే. కొలరాడోకు చెందిన వెబ్‌సైట్ రూపకర్త లోరీ స్మిత్, పెళ్లి వెబ్‌సైట్లు ఇంకా మొదలుపెట్టకముందే కోర్టుకు వెళ్లారు. ఆమె తయారుచేసే ప్రతి వెబ్‌సైట్ ఆమె సొంత భావ వ్యక్తీకరణేనని ఇరుపక్షాలూ ముందే అంగీకరించాయి. ఆ అంగీకారం మీద నిలబడి జస్టిస్ గోర్సచ్ 6-3 మెజారిటీతో, తాను నమ్మని సందేశాన్ని సృష్టించమని ప్రభుత్వం ఆమెను బలవంతం చేయరాదన్నారు. ప్రజలకు తెరిచి ఉంచిన వ్యాపారానికి, చట్టం రక్షణ కల్పించిన వర్గం వారికి సేవ నిరాకరించే రాజ్యాంగ హక్కును కోర్టు చరిత్రలో మొదటిసారి కట్టబెడుతున్నారని జస్టిస్ సోటోమేయర్ అసమ్మతి తీర్పులో తీవ్రంగా విమర్శించారు.

ఈ హక్కు నాస్తికుడికైనా వర్తిస్తుంది, ఎందుకంటే దానికి పునాది మాట, మతం కాదు. భక్తుడైనా కుర్చీలు అద్దెకిచ్చేవాడికి ఇందులో దక్కేదేమీ లేదు.

లండన్_లక్ష్మి:

బ్రిటన్‌లో రెండు కేసులను పక్కపక్కన పెట్టి చదివితే ఈ గీత ఎక్కడ పడుతుందో చాలా స్పష్టంగా తెలుస్తుంది. రెండింటిలోనూ ప్రధాన తీర్పు రాసినది అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి లేడీ హేల్ గారే.

మొదటిది కార్న్‌వాల్‌లోని ఒక చిన్న హోటల్ కేసు. యజమానులు భక్తిపరులైన క్రైస్తవ దంపతులు. పెళ్లయిన స్త్రీపురుషులకు తప్ప ఎవరికీ ఒకే మంచం ఉన్న గది ఇవ్వబోమన్నది వారి నియమం. 2008లో సివిల్ భాగస్వామ్యంలో (స్వలింగ జంటలకు పెళ్లికి బదులుగా చట్టం ఇచ్చిన గుర్తింపు) ఉన్న ఇద్దరు పురుషులకు గది నిరాకరించారు. పెళ్లికాని స్త్రీపురుషులకు కూడా ఇవ్వడం లేదు కదా, ఇది వివక్ష ఎలా అవుతుందని వాదించారు. అప్పటి చట్టం ప్రకారం స్వలింగ జంటకు పెళ్లి చేసుకునే దారే లేదు కాబట్టి ఆ నియమం వారిని శాశ్వతంగా బయట నిలబెడుతుందని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. యజమానులు ఓడిపోయారు.

రెండవది బెల్‌ఫాస్ట్‌లోని ఆషర్స్ బేకరీ కేసు. 2014 మే నెలలో ఒక ఖాతాదారు, స్వలింగ వివాహాన్ని సమర్థించండి అన్న నినాదం కేకు మీద రాయమని 36 పౌండ్ల 50 పెన్నీలు చెల్లించారు. యజమానులు కొద్దిరోజుల తర్వాత ఫోన్ చేసి, ఆ మాటలు రాయలేమని చెప్పి డబ్బు తిరిగి ఇచ్చారు. కింది కోర్టుల్లో వారు ఓడిపోయినా 2018 అక్టోబరు 10న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా వారి పక్షాన నిలిచారు. అదే నినాదాన్ని స్వలింగేతర వ్యక్తి అడిగినా వారు నిరాకరించేవారే కాబట్టి, అభ్యంతరం మాటల మీదే గానీ మనిషి మీద కాదన్నది ఆ తీర్పు సారాంశం. గే హక్కుల కోసం దశాబ్దాలుగా పోరాడుతున్న పీటర్ టాచెల్ కూడా మొదట బేకరీని తప్పుపట్టి, తర్వాత మనసు మార్చుకొని, ఎవరి చేతా వారు నమ్మని రాజకీయ నినాదాన్ని రాయించకూడదన్నారు. ఒక గే ముద్రణాలయ యజమాని చేత స్వలింగ వివాహాన్ని ఖండించే కరపత్రం అచ్చువేయించవచ్చా అన్న ప్రశ్నకు కూడా సమాధానం ఇదే కావాలి కదా.

నా మటుకు నాకు ఈ రెండు తీర్పులూ సరైనవేననిపిస్తాయి.

నీలిగన్నేరు:

లక్ష్మి గారితో ఏకీభవిస్తున్నాను. నాకు మద్దతుగా నినాదాలు రాయమని నేను ఎవరినీ బలవంతం చేయను. నేను అడిగేది నినాదం లేని కేకు, అద్దెకు ఇచ్చే హాలు, అమ్మకానికి పెట్టిన పూలు. సువార్త_ఛాయ గారూ, మీరు సియాటిల్ గురించి చెప్పారు. ఊరంతటికీ ఒకే పూల దుకాణం, ఒకే విందుశాల ఉన్న చిన్న పట్టణాల్లో బతికేవారి సంగతి కూడా ఆలోచించండి. కొరత లేనిచోట నిరాకరించవచ్చు, కొరత ఉన్నచోట నిరాకరించకూడదు అని చట్టం రాయడం సాధ్యం కాదు.

సువార్త_ఛాయ:

ఆషర్స్ తీర్పు మాటలకు పరిమితమైతే నా లాంటివాడు ఎటూ కాకుండా పోతాడు. న్యూమెక్సికోలో ఎలేన్ ఫోటోగ్రఫీ అనే సంస్థ 2006లో ఇద్దరు స్త్రీల వేడుకకు ఫోటోలు తీయనన్నందుకు, 2013లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు వారిని తప్పుపట్టింది. కావాలంటే ఈ చట్టంతో మేము ఏకీభవించడం లేదు, అయినా పాటిస్తున్నాము అని మీ వెబ్‌సైట్‌లో రాసుకోవచ్చు అని సలహా కూడా ఇచ్చింది. న్యాయమూర్తుల్లో ఒకరైతే ఇది పౌరసత్వానికి చెల్లించాల్సిన మూల్యమన్నారు. మనస్సాక్షిని రోజూ ఎవరో ఒకరికి అప్పగించడమే ఆ మూల్యమైతే దాన్ని చెల్లించమని అడగడం ఎంత తేలికో, చెల్లించడం అంత కష్టం. నా ఛాయాచిత్రం నా వ్యక్తీకరణ కాదని ఎవరైనా చెప్పగలరా? 303 క్రియేటివ్ తర్వాతైనా ఆ ఆలోచన మారాలి.

కొలరాడో_తెలుగు:

సువార్త_ఛాయ గారి ప్రశ్నే ఈ చర్చలో అన్నిటికంటే కఠినమైనది. దానికి ముందు తేలికైనవాటిని తేల్చుకుందాం.

వ్యాపారి అదే వస్తువును మరొకరికి అమ్ముతాడా అన్నది నేను మొదట అడిగే ప్రశ్న. మాస్టర్‌పీస్ కేసులో జస్టిస్ కేగన్, జస్టిస్ గోర్సచ్ విడివిడిగా రాసిన అభిప్రాయాల్లో అసలు తగువు దీని మీదే. ఫిలిప్స్ నిరాకరించినది కేవలం పెళ్లి కేకు, దాన్ని ఇతర జంటలకు అమ్ముతున్నాడు కాబట్టి అది వివక్ష అన్నారు కేగన్. అది పెళ్లి కేకు కాదు, స్వలింగ వివాహాన్ని వేడుక చేసే కేకు, దాన్ని ఆయన ఎవరికీ అమ్మడు అన్నారు గోర్సచ్. గోర్సచ్ వాదనను ఒప్పుకుంటే ఏ వివక్షనైనా ఇలాగే మరో పేరు పెట్టి దాటవేయవచ్చు. కొనేవాడు ఎవరన్నదాన్ని వస్తువు వర్ణనలోనే కలిపేస్తే ఇక చట్టానికి పట్టు దొరకదు.

అదే కేసులో దాఖలైన ప్రమాణపత్రాల ప్రకారం, ఇద్దరు స్త్రీలు తమ వేడుకకు కప్‌కేకులు అడిగితే కూడా ఆ దుకాణం అమ్మలేదు. కప్‌కేకులో ఏ సందేశం ఉంటుంది? కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో టేస్ట్రీస్ బేకరీ వివాదం ఇంకా స్పష్టమైనది. 2017లో ఇద్దరు స్త్రీలు అడిగినది మూడు అంతస్తుల తెల్లని కేకు, దాని మీద అక్షరాలు లేవు, బొమ్మలు లేవు. ఎవరి పుట్టినరోజుకైనా చేసి ఇచ్చే రకమే. 2022లో విచారణ కోర్టు యజమానురాలి పక్షాన తీర్పు ఇచ్చినా, 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర అప్పీలు కోర్టు దాన్ని తిరగవేసింది. మామూలుగా అందరికీ అమ్మే తెల్లని కేకు ఏ మాటా చెప్పదన్నది ఆ తీర్పు. నేను మనస్ఫూర్తిగా ఏకీభవిస్తాను.

ఫోటోగ్రాఫర్ దగ్గరికి వచ్చేసరికి నాకు కూడా ఆ నిశ్చయం ఉండదు. ఛాయాచిత్రం కళే. పెళ్లి ఆల్బమ్‌లో తీసేవాడి చూపు ఉంటుంది. అయితే ఆల్బమ్ చూసినవారు "ఫోటోగ్రాఫర్ ఈ పెళ్లిని ఆశీర్వదించాడు" అనుకోరు. వేరే మతాల పెళ్లిళ్లకు సువార్త_ఛాయ గారు ఫోటోలు తీస్తారా? తీస్తే, ఆ క్రతువులను ఆయన విశ్వాసం అంగీకరిస్తున్నట్లు మేమెవరమైనా భావిస్తామా?

సువార్త_ఛాయ:

తీస్తాను. మన తెలుగు హిందూ పెళ్లిళ్లే నా ఆదాయంలో పెద్ద భాగం. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా అన్నీ తీస్తాను. అది వేరే ఆచారం, అయినా స్త్రీపురుషుల వివాహం అన్న మూలభావం ఒక్కటే అన్నది నా సమాధానం. ఈ సమాధానం మీకు చాలదని నాకు తెలుసు. విశ్వాసం గలవాడు ఏది తీవ్రమైన ఉల్లంఘన, ఏది కాదు అని తనలో తాను వేసుకునే గీత బయటివారికి తర్కబద్ధంగా కనిపించనక్కరలేదు. ఆ గీతను నా బదులు కోర్టు గీయకూడదనే నేను కోరుతున్నాను.

గుడి_కార్యకర్త:

నేను న్యూజెర్సీలో ఒక ఆలయ కమిటీలో ఉన్నాను. మాకు గుడి పక్కనే కల్యాణమండపం ఉంది. సభ్యులు కానివారికి కూడా పుట్టినరోజులకు, సంగీత కచేరీలకు అద్దెకు ఇస్తాము. రేపు స్వలింగ జంట అడిగితే మేము ఏం చేయాలి? మా పూజారి గారు పెళ్లి చేయించి తీరాలా?

మంగళగిరి_వకీలు:

పూజారి గారి విషయంలో అనుమానమే అక్కరలేదు. ఏ మతానికి చెందిన అర్చకుడినైనా, పాస్టర్‌నైనా తన మతం అంగీకరించని పెళ్లి చేయించమని అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ ప్రకారం ఎవరూ బలవంతం చేయలేరు. 2022 డిసెంబరులో వచ్చిన రెస్పెక్ట్ ఫర్ మ్యారేజ్ చట్టం కూడా లాభాపేక్షలేని మత సంస్థలు పెళ్లి జరిపించడానికి గానీ, ఆ వేడుకకు సేవలు, సౌకర్యాలు ఇవ్వడానికి గానీ ఆ చట్టం కింద బాధ్యులు కావని స్పష్టంగా చెబుతుంది. అయితే రాష్ట్ర చట్టం సంగతి విడిగా చూసుకోవాలి.

మండపం విషయంలో మీ రాష్ట్రంలోనే జరిగిన ఓషన్ గ్రోవ్ వివాదం చదవండి. సముద్రతీరంలో మెథడిస్టు సంఘానికి చెందిన ఒక మంటపం ఉంది. ప్రజలందరికీ అందుబాటులో ఉంచుతామన్న హామీతో సంఘం దానికి పన్ను మినహాయింపు పొందింది, పెళ్లిళ్లకు అద్దెకూ ఇచ్చింది. 2007లో ఇద్దరు స్త్రీల సివిల్ యూనియన్ వేడుకకు నిరాకరించడంతో ఆ మంటపానికి పన్ను మినహాయింపు పోయింది, 2012లో పరిపాలనా న్యాయమూర్తి అది వివక్షేనని తేల్చారు. ఊరందరికీ అద్దెకిచ్చే హాలుగా నడిపి, పన్ను లాభం కూడా తీసుకొని, ఒక్కరు వచ్చినప్పుడు మాత్రం ఇది దేవుని మంటపం అంటే కుదరదు. మండపాన్ని నిజంగా ఆలయ క్రతువులకే పరిమితం చేస్తే మీ స్థితి వేరుగా ఉంటుంది. మీ రాష్ట్ర న్యాయవాదిని సంప్రదించి నియమాలు ముందే రాసిపెట్టుకోండి.

చరిత్ర_విద్యార్థి:

మన దేశపు చట్టం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దుకాణం గడప దగ్గర సమానత్వం అన్న ప్రశ్నను మన రాజ్యాంగం అమెరికా 1964 చట్టం కంటే ముందే ఎదుర్కొంది. 15వ అధికరణం రెండవ క్లాజు మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా దుకాణాలు, భోజనశాలలు, హోటళ్లలోకి ఎవరినీ అడ్డుకోరాదంటుంది. అది ప్రభుత్వానికే కాక ప్రైవేటు యజమానికీ వర్తిస్తుంది. సేవ కోరి వచ్చినవారికి సేవ అందించడానికి సిద్ధపడి కూర్చున్న ఏ చోటైనా దుకాణమేనని అంబేద్కర్ రాజ్యాంగ సభలో వివరించారు. టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతిని ఆచారమనీ, శుచి అనీ సమర్థించుకున్న ఊళ్లు తెలుగునాట ఎన్నో ఉండేవి. 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం ఆ నమ్మకపు నిజాయితీని విచారించకుండానే దాన్ని నేరంగా ప్రకటించింది.

స్వలింగ వ్యక్తుల విషయానికి వస్తే, 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు ఇచ్చిన నవతేజ్ జోహార్ తీర్పు వారి సంబంధాన్ని నేరాల జాబితా నుంచి తొలగించింది. అందులో, 15వ అధికరణంలోని లింగం అన్న పదం కిందికి లైంగిక ధోరణి కూడా వస్తుందన్న అభిప్రాయం వ్యక్తమైంది. వివాహ హక్కు కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్లిన మొదటి పిటిషనర్లు హైదరాబాదు జంటే, 2023 అక్టోబరు 17న కోర్టు వారి కోరికను అంగీకరించలేదు. 2019 చట్టం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు వస్తువులు, సేవలు నిరాకరించడాన్ని నిషేధించింది గానీ, గే, లెస్బియన్ ఖాతాదారులకు అలాంటి స్పష్టమైన శాసనం మన దగ్గర లేదు. హైదరాబాదులో నీలిగన్నేరు గారికి అదే విందుశాల అనుభవం ఎదురైతే ఏ అధికారి దగ్గరికి వెళ్లాలో చెప్పడం కష్టం.

సువార్త_ఛాయ:

రెండు గ్లాసుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పాలి. మా తాతగారు ఆ రెండో గ్లాసులో టీ తాగినవారే. మా కుటుంబం క్రైస్తవంలోకి రావడానికి ఆ అవమానం కూడా ఒక కారణం. అందుకే ఎవరినీ గడప బయట నిలబెట్టే ఉద్దేశం నాకు లేదని మళ్లీ చెబుతున్నాను. పెళ్లికి తప్ప మిగతా ఏ పనికైనా అందరినీ సమానంగా చూస్తాను. పెళ్లి విషయంలో, ఎవరూ ఫోన్ దాకా వచ్చి బాధపడకుండా, నేను ఏ వేడుకలు తీస్తానో నా వెబ్‌సైట్‌లోనే ముందుగా రాసేస్తే సరిపోదా?

మంగళగిరి_వకీలు:

తొందరపడకండి. సేవ నిరాకరిస్తామని ప్రకటించడం కూడా కొలరాడో వంటి రాష్ట్రాల చట్టాల్లో వేరుగా నిషేధించబడింది. లోరీ స్మిత్ సవాలు చేసినవాటిలో ఆ నిబంధన కూడా ఉంది. నిరాకరించే హక్కు ఉన్నంత మేరకే ప్రకటించే హక్కు ఉంటుంది. వాషింగ్టన్ చట్టం ఇంకా అమల్లోనే ఉంది, పెళ్లి ఫోటోగ్రాఫర్‌కు 303 క్రియేటివ్ ఎంతవరకు వర్తిస్తుందో సుప్రీంకోర్టు ఇంకా చెప్పలేదు. న్యాయవాదితో మాట్లాడకుండా ఒక్క వాక్యం కూడా ప్రచురించకండి.

నీలిగన్నేరు:

సువార్త_ఛాయ గారూ, మీ తాతగారి సంగతి చెప్పినందుకు కృతజ్ఞుడిని. చట్టం సంగతి వకీలు గారు చెప్పారు, నేను మనిషిగా చెబుతున్నాను. మీరు ముందుగా రాసిపెడితే మాకు బాధ తప్పుతుందని మీరు నిజంగానే అనుకుంటున్నారు. ఫోన్‌లో చెబితే ఆ మాట మా ఇద్దరికే వినపడుతుంది. వెబ్‌సైట్‌లో రాస్తే, అక్క పెళ్లికి ఫోటోగ్రాఫర్‌ను వెతుకుతున్న పదహారేళ్ల గే కుర్రాడు కూడా దాన్ని చదువుతాడు. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పుకోలేని పిల్లవాడు, తన పెళ్లికి రానివారి జాబితాను పెళ్లీడు రాకముందే చదువుకోవాల్సి వస్తుంది. దయచేసి ఆ బోర్డు పెట్టకండి.

సువార్త_ఛాయ:

ఆ కుర్రాడి గురించి నేను ఆలోచించలేదు. వెబ్‌సైట్‌లో ఏమీ రాయను. పెళ్లి ఫోటోల విషయంలో నా విశ్వాసం మారలేదు, ఎవరైనా అడిగిన రోజున ఏం చేయాలన్నది మా పాస్టర్ గారితోనూ న్యాయవాదితోనూ మాట్లాడి నిర్ణయించుకుంటాను. చట్టాన్ని మీరి ఆ పని నిరాకరించడం కంటే, ఫిలిప్స్ గారిలా ఆ రకం పనినే మొత్తంగా మానుకోవాల్సి రావచ్చు. దానికి కూడా సిద్ధపడుతున్నాను.